జాబితా రాసే గది

ఏప్రిల్ ఎండ. పొద్దున పది దాటిందో లేదో మాడు కాలిపోతోంది. భూపాలపల్లి జిల్లా గణపురం మండలంలో ఒక ఊరి పంచాయతీ ఆఫీసు ముందు మీరు నిలబడి ఉన్నారు. చెట్ల మీదుగా చెల్పూరు థర్మల్ కేంద్రం గొట్టాలు కనిపిస్తున్నాయి. రోడ్డు పక్కన డీసీఎం వ్యాను ఆగి ఉంది. డ్రైవర్ ఇంజిన్ ఆపలేదు. వ్యానుకు రెండు పక్కలా ఫ్లెక్సీలు కట్టారు. వాటి నిండా మొఖాలే. పైన పెద్ద నాయకులు, నడుమ జిల్లా వాళ్లు, అడుగున వరసగా మండలం వాళ్లు. వెతగ్గా వెతగ్గా కింది మూలన పావలా బిళ్లంత గుండ్రంలో ఒక ఆడమనిషి మొఖం దొరుకుతుంది. జెండా రంగు నేను చెప్పను. మీకు తెలిసిన ఏ రంగు ఊహించుకున్నా ఇక్కడ ఒక్క మాట మారదు. ఇది ఒక్క ఊరి ఒక్క రోజు సంగతి కూడా కాదు. ఏ సభకైనా, ఏ ఏడాదైనా, ఈ వైపు ఊళ్ల నుంచి ఆడవాళ్లు ఇట్లాగే బయలుదేరుతారు.

మీ చేతులు మండుతున్నాయి. తెల్లవారకముందే మిరప చేలో దిగి, సగం కూలికి సగం పూట ఏరి, కాళ్లు కడుక్కుని వచ్చారు. మిరప ఘాటు సబ్బుకు పోదు. ఆ చేత్తో కన్ను తుడుచుకోవద్దని పక్కనున్న ఆమె గుర్తు చేస్తోంది.

"వదినె, నీళ్ల సీసా పెట్టుకున్నవా? ఆడ దొరకయి."

"పెట్టుకున్న. టవల్ గూడ పెట్టుకున్న. పోయినసారి ఎండకు తలకాయ పగిలిపోయింది."

చేతిలో నోట్‌బుక్ పట్టుకున్న కుర్రవాడు అటూ ఇటూ తిరుగుతున్నాడు. చెవి దగ్గర ఫోను. మండలం నుంచి పది నిమిషాలకోసారి అడుగుతున్నారు, ఎంతమంది ఎక్కారని.

"అక్కా, మన ఊరికి నలభై మంది టార్గెట్. ఇంక పదకొండు మంది తక్కువున్నరు. మీ సంఘపోళ్లకు ఓ మాట చెప్పరాదే."

పొదుపు సంఘం అధ్యక్షురాలు కొంగు దోపుకొని వాడకట్టులోకి నడుస్తుంది. పావుగంటలో పదకొండు మంది కాదు, పద్నాలుగు మందిని వెంటబెట్టుకొని వస్తుంది. చూశారు కదా. ఈ ఊళ్లో పావుగంటలో పద్నాలుగు మందిని ఇళ్లలోంచి బయటికి రప్పించగలిగిన మనిషి ఇంకెవరున్నారు? నోట్‌బుక్‌లో ఆమె పేరు కార్యకర్తల పేజీలో లేదు. "తరలించాల్సిన మహిళలు" అన్న పేజీలో ఉంది.

వ్యాను కదిలింది. రేగొండ, పరకాల, ఆత్మకూరు. అడుగున పరిచిన పట్టా మీద మోకాళ్లు దగ్గరికి ముడుచుకొని కూర్చున్నారు మీరంతా. మొదట పాటలు. పరకాల దాటాక పాటలు తగ్గి మాటలు మొదలయ్యాయి. ఓపెన్‌కాస్ట్ గని బాంబులకు ఇంటి గోడ నెర్రెలిచ్చిందని ఒకామె చెబుతోంది. అడవి పక్క మండలం నుంచి కోడలిగా వచ్చిన పిల్ల, పుట్టింటివాళ్లు దున్నుకునే పోడు భూమికి పట్టా రాలేదని అంటోంది. పింఛను కోసం బ్యాంకు చుట్టూ తిరిగిన సంగతి ఇంకొకామెది. బస్సులో టికెట్ లేదన్న మాటే గాని మా ఊరికి బస్సే రాదు గదా అని వెనక నుంచి ఒక ముసలమ్మ. ఒకరు చెప్పినదానికి ఇంకొకరు తమ ఊరి ముచ్చట కలుపుతున్నారు. ఎవరిని అడగాలి, ఏ ఆఫీసుకు పోవాలి, ఎవరు చేయగలరు అన్న దాకా పోతోంది మాట. ఒక జిల్లా పార్టీ సమావేశంలో చర్చకు రావలసినవన్నీ ఈ వ్యానులో చర్చకు వచ్చాయి. రాసుకునేవాళ్లే లేరు.

హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానం. మూడు జిల్లాల దారులూ ఇక్కడికే. జనగామ వాళ్లు రఘునాథపల్లి, స్టేషన్ ఘన్‌పూర్ మీదుగా వచ్చారు. మానుకోట వాళ్లు కేసముద్రం, నెక్కొండ మీదుగా. మహబూబాబాద్ అని బోర్డుల మీద ఉంటుంది గాని ఆ వైపు వాళ్ల నోట వచ్చేది మానుకోటే. మిమ్మల్ని వేదికకు ఎదురుగా, ముందు వరసల్లో కూర్చోబెట్టారు. కెమెరా తిరిగినప్పుడు ముందు వరస రంగు రంగుల చీరలతో నిండుగా కనబడాలి.

నాయకులు రావడానికి ఇంకా రెండు గంటలు పడుతుంది. దాహం. సీసాలో నీళ్లున్నాయి, కానీ పక్కామె మూత తీసి పెదవులు తడుపుకొని మళ్లీ మూత పెట్టేస్తోంది. ఎందుకో మీకు తెలుసు. మరుగుదొడ్ల బండ్లు మైదానం ఆ చివర, మగవాళ్ల గ్యాలరీ వెనక ఉన్నాయి. వెళ్లి వచ్చేసరికి కుర్చీ పోతుంది, తోడు వచ్చినవాళ్లు తప్పిపోతారు. అందుకని నీళ్లు తాగరు. పొద్దున నుంచి రాత్రి ఇల్లు చేరేదాకా తాగరు. మహిళలు రాజకీయాల్లోకి రావాలని వేదిక మీద నుంచి పిలుపునిచ్చే నాయకుడికి ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే ఎంత బాగుండును.

మైకులో పేర్లు పిలుస్తున్నారు. మాజీలు, తాజాలు, ఇంచార్జీలు, కన్వీనర్లు. ఒక్కొక్కరే మెట్లెక్కి కూర్చుంటున్నారు. మీరు వేళ్ల మీద ఆడవాళ్లను లెక్కపెడుతున్నారు. ఒక చేతి వేళ్లు సరిపోయాయి.

ఇట్లాంటి జనాన్ని "పైసలకొచ్చిన జనం" అనేయడం మనకు అలవాటు. కొందరికి ఆ పూట కూలి ముడుతుంది, నిజమే. సగం పూట పని మానుకొని వచ్చిన మనిషి ఆ కూలి తీసుకుంటే అందులో తప్పేమిటో నాకు ఏనాడూ అర్థం కాలేదు. జీపుల్లో వచ్చిన మగ కార్యకర్త డీజిల్ ఖర్చు తీసుకుంటే దాన్ని పార్టీ పని అంటారు. ఈ ఆడవాళ్లు వేదిక మీది మాటలను ఎంత జాగ్రత్తగా విన్నారో తిరుగు ప్రయాణంలో తెలుస్తుంది. ఏ నాయకుడు ఏ హామీ దాటేశాడో, పోడు మాట ఎత్తాడో లేదో, ఒక్కటీ మర్చిపోరు.

ఈ వేదికకు వెనక చాలా పెద్ద చరిత్ర ఉంది. ఒక్కసారి అక్కడికి నడవండి.

1923 డిసెంబరు, కాకినాడ. అఖిల భారత కాంగ్రెస్ మహాసభలు. ఖద్దరు ప్రదర్శన వాకిట్లో పద్నాలుగేళ్ల వాలంటీరు నిలబడి ఉంది. టికెట్ లేకుండా లోపలికి రాబోయిన జవహర్‌లాల్ నెహ్రూను ఆపేసింది. టికెట్ కొని తెచ్చాకే వదిలింది. ఆ పిల్ల దుర్గాబాయి. ఆ తర్వాత రెండేళ్లకు, 1925లో, కాన్పూరు కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించింది హైదరాబాదులో పుట్టి పెరిగిన సరోజినీ నాయుడు. ఒక జాతీయ మహాసభ వాకిట్లో తెలుగు పిల్ల, ఇంకొక మహాసభ అధ్యక్ష పీఠం మీద హైదరాబాదు మహిళ. ఇదంతా నూరేళ్ల కిందటి మాట.

ఇటు నిజాం రాజ్యంలో, 1930లో, జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. దాని పక్కనే మహిళా సభ. నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. అప్పటి నుంచి ఆంధ్ర మహాసభ ఎక్కడ జరిగితే అక్కడ మహిళా సభ కూడా నడిచింది. 1934లో ఖమ్మంలో యల్లాప్రగడ సీతాకుమారి, 1937లో నిజామాబాదులో నందగిరి ఇందిరాదేవి అధ్యక్షత వహించారు. ఘోషా ఉన్న రోజుల్లో ఆడవాళ్లు వచ్చి ఒక చోట కూర్చోవడమే గొప్ప. వాళ్లు కూర్చుని ఊరుకోలేదు. ఆడపిల్లల చదువు గురించి, బాల్యవివాహాల గురించి పట్టుపట్టి మాట్లాడారు.

ఇప్పుడు పాలకుర్తి పోదాం. 1940ల నడిమి కాలం. వరి కోతకొచ్చింది. మీరు గట్టు మీద నిలబడి ఉన్నారు. ఈ పొలం చాకలి ఐలమ్మది, మల్లంపల్లి దొర దగ్గర కౌలుకు తీసుకున్నది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి ఇది కంటగింపు. చాకలి మనిషి భూమి చేయడమేమిటి, పైగా ఆంధ్ర మహాసభ సంఘంలో చేరడమేమిటి? అటు నుంచి దొర మనుషులు కోతకు వస్తున్నారు. ఇటు నుంచి సంఘం వాలంటీర్లు కర్రలు పట్టుకొని వస్తున్నారు. భీంరెడ్డి నరసింహారెడ్డి, ఆరుట్ల రామచంద్రారెడ్డి వంటి వాళ్లు ముందున్నారు. దొర మనుషులు వెనక్కి తగ్గారు. సంఘంవాళ్లు పంట కోసి ధాన్యం ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఆ తర్వాత ఆమె ఇల్లు కాలింది, ఇంటి మగవాళ్ల మీద కేసులు పడ్డాయి. ఆమె భూమి వదల్లేదు, జెండా వదల్లేదు. 1985 సెప్టెంబరు 10న కన్నుమూసేదాకా ఆ ఊరి మనిషిగానే బతికింది.

ఐలమ్మను మనం పోరాట యోధురాలు అంటాం. ఆ మాట సత్యం. దానితో పాటు ఇంకొకటి కూడా చెప్పాలి. ఆమె ఒక రాజకీయ సంస్థ సభ్యురాలు. సంఘం సభ్యత్వం తీసుకున్నందుకే దొర పగబట్టాడు. ఈ నేల మీద పార్టీ రాజకీయాల్లో ఆడవాళ్ల పాత్ర అంటే ఆమె నుంచి మొదలుపెట్టాలి. ఇవాళ అన్ని పార్టీల వాళ్లూ ఆమె విగ్రహానికి దండలు వేస్తారు. కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. సంతోషం. ఆమెకు సంఘంలో దొరికిన చోటు ఆమె మనవరాళ్లకు పార్టీల్లో ఎందుకు దొరకడం లేదన్నది మాత్రం దండ వేసిన చేతుల్ని అడగాల్సిందే.

తెలంగాణ సాయుధ పోరాటం ఆగాక ఏం జరిగిందో స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆ ఆడవాళ్లే చెప్పుకున్నారు. తుపాకి పట్టినవాళ్లను, కొరియర్లుగా అడవులు దాటినవాళ్లను ఇక ఇళ్లకు పొమ్మన్నారు. గోదావరి అడవుల్లో రాజక్క పేరుతో పనిచేసిన మల్లు స్వరాజ్యం అసెంబ్లీకి చేరింది 1978లో, తుంగతుర్తి నుంచి. పోరాటం ఆగిన పాతికేళ్లకు పైన.

మానుకోట వైపు రండి. 2025 డిసెంబరు. పంచాయతీ ఎన్నికలు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా జరిగాయి. మీరు ఒక తండా బడి ఆవరణలో ఉన్నారు. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాకే ఈ తండా పంచాయతీ అయింది. అంతకుముందు దూరాన ఉన్న పెద్ద ఊరిలో ఒక మూల. పొద్దున ఏడు గంటలకు మొదలైన పోలింగు ఒంటి గంటకు ముగిసింది. చలికి శాలువాలు కప్పుకొని వచ్చిన ముసలి బాయిలు గులాబీ రంగు కాగితం మీద సర్పంచ్‌కు, తెల్ల కాగితం మీద వార్డుకు ముద్ర వేసి, వేలి మీది సిరా ఆరబెట్టుకుంటూ చింతచెట్టు కింద కూర్చున్నారు.

రెండు గంటలకు లెక్కింపు. కిటికీ ఊచల దగ్గర జనం మూగారు. ఒక్కో కాగితం విప్పి ఏజెంట్లకు చూపించి పక్కన పెడుతున్నారు.

"ఉంగరం... ఉంగరం... కత్తెర... ఉంగరం..."

"ఎంత తేడా బాయి?"

"ఆగు యాడీ, ఇంక సగం ఉన్నయి."

చట్టం ప్రకారం ఈ ఎన్నికలకు పార్టీ గుర్తులు లేవు. గేటు బయట మాత్రం రెండు రంగుల కండువాలూ సిద్ధంగా ఉన్నాయి. ఉంగరం గెలిచింది. గెలిచింది ఒక ముప్పై ఏళ్ల ఆడమనిషి. ఆమె ఇంకా గది బయటికి రాలేదు, కాగితాల మీద సంతకాలు పెడుతోంది. బయట అప్పుడే ఆమె భర్త మెడలో దండ పడింది. "సర్పంచ్ సాబ్" అని ఎవరో అరిచారు. డప్పు మొదలైంది. ఆమె బయటికి వచ్చేసరికి దండలన్నీ అయిపోయాయి.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. చూశారా, ఆడవాళ్లకు సగం సీట్లిచ్చినా పెత్తనం మొగుళ్లదే అంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. రైలు దారిలో మానుకోట దాటగానే గుండ్రాతిమడుగు స్టేషన్ వస్తుంది. 1995లో ఆ ఊరికి సర్పంచ్ అయిన ఒక లంబాడా మహిళ తర్వాత జెడ్పీటీసీ అయింది. 2009లో డోర్నకల్‌లో డి.ఎస్. రెడ్యానాయక్‌ను ఓడించి ఎమ్మెల్యే అయింది. 2019లో ఎమ్మెల్సీ అయి, అదే ఏడు సెప్టెంబరు 8న సబితా ఇంద్రారెడ్డితో పాటు మంత్రిగా ప్రమాణం చేసింది. సత్యవతి రాథోడ్. తెలంగాణ వచ్చాక 2014 నుంచి 2018 దాకా నడిచిన మొదటి మంత్రివర్గంలో ఒక్క మహిళ లేదన్న సంగతి గుర్తుంటే, ఆ ప్రమాణం విలువ తెలుస్తుంది. పంచాయతీ మెట్టు లేకపోతే ఆ పైమెట్లు ఉండేవా?

2009 ఎన్నికల ఫలితాలు ఒకసారి తెరిచి చూడండి. అప్పటి వరంగల్ జిల్లాలో మొత్తం పన్నెండు అసెంబ్లీ స్థానాలు. గిరిజనులకు కేటాయించినవి మూడు: డోర్నకల్, మహబూబాబాద్, ములుగు. ఆ మూడింటా ఆడవాళ్లే గెలిచారు. డోర్నకల్‌లో సత్యవతి రాథోడ్, మహబూబాబాద్‌లో మాలోతు కవిత, ములుగులో సీతక్క. పరకాలలో కొండా సురేఖ కూడా గెలిచారు. పన్నెండులో నలుగురు, అంటే సరిగ్గా మూడో వంతు. పార్లమెంటు మహిళా రిజర్వేషన్ చట్టం చేయడానికి పద్నాలుగేళ్ల ముందే, ఏ చట్టమూ చెప్పకుండానే, ఈ జిల్లా ఓటర్లు ఆ వాటా ఇచ్చి చూపించారు. ఆడవాళ్లు నిలబడితే జనం ఓటెయ్యరని టికెట్ల వేళ చెప్పే మాటకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఆ జవాబు ఎవరూ వినలేదు. 2014లో ఆ మూడు గిరిజన స్థానాలూ మళ్లీ మగవాళ్ల చేతికి వెళ్లాయి.

సీతక్క గురించి రెండు మాటలు ఆగి చెప్పాలి. ములుగు ఇవాళ వేరే జిల్లా అయినా, మహబూబాబాద్ పార్లమెంటు స్థానంలో భాగం. కోయ ఇంటి పిల్ల, దనసరి అనసూయ, చిన్న వయసులోనే అడవిబాట పట్టి, 1997లో బయటికి వచ్చి, చదువుకొని, 2004లో ఓడి, 2009లో గెలిచి, 2014లో మళ్లీ ఓడింది. 2017లో కాంగ్రెస్‌లోకి వచ్చి అఖిల భారత మహిళా కాంగ్రెస్‌లో ప్రధాన కార్యదర్శిగా పనిచేసింది. 2020 లాక్‌డౌన్ రోజుల్లో నెత్తిన సరుకుల మూట పెట్టుకొని వాగులు దాటి గూడేలకు నడిచింది. ఇప్పుడు మంత్రి. మంత్రులైన సీతక్క, కొండా సురేఖ ఇద్దరూ ఓరుగల్లు నేల మనుషులే. సత్యవతిని కలుపుకుంటే, ఇప్పటిదాకా తెలంగాణకు మంత్రులైన ఆడవాళ్లలో ముగ్గురు పాత వరంగల్ జిల్లా నుంచే.

లోక్‌సభ లెక్క కూడా ఇట్లాగే ఉంది. 2019లో తెలంగాణ నుంచి గెలిచిన పదిహేడు మందిలో ఒక్క మహిళే ఉంది, ఆమె మహబూబాబాద్ నుంచి మాలోతు కవిత. 2024లో ఇద్దరు గెలిచారు. అందులో ఒకరు వరంగల్ నుంచి కడియం కావ్య.

వీళ్లలో కొందరు నాయకుల బిడ్డలు, భార్యలు, కోడళ్లు. కవిత రెడ్యానాయక్ కూతురు, కావ్య కడియం శ్రీహరి కూతురు. 2023 డిసెంబరు 3న పాలకుర్తిలో ఇరవై ఆరేళ్ల మామిడాల యశస్వినిరెడ్డి, ఆరుసార్లు వరుసగా గెలిచిన ఎర్రబెల్లి దయాకర్‌రావును నలభై ఏడు వేలకు పైగా ఓట్లతో ఓడించింది. ఆమె అత్తగారికి పౌరసత్వం చిక్కు వచ్చి టికెట్ కోడలికి వచ్చింది. ఐలమ్మ ఊరు అంత చిన్న వయసు ఆడపిల్లను అసెంబ్లీకి పంపినందుకు నాకు ఆనందమే. మగ వారసులను అడగని ప్రశ్న ఆడ వారసులను మాత్రమే అడగడం న్యాయం కాదు. నా బాధ వేరే ఉంది. ఇంటిపేరు అండ లేని సంఘం లీడర్, ఆశా కార్యకర్త, బీడీలు చుట్టే ఆడమనిషి, వార్డు మెంబరు, ఈ జాబితాలో ఎక్కడా లేరు. వాళ్లకు పార్టీలో మెట్టు ఎక్కడుంది?

అది చూడాలంటే జనగామ రావాలి.

సిద్దిపేట రోడ్డులో ఒక ఫంక్షన్ హాలు. జిల్లా పార్టీ సమావేశం. రాష్ట్ర మహాసభకు, అక్కడి నుంచి జాతీయ మహాసభకు వెళ్లే ప్రతినిధుల పేర్లు ఇవాళ ఖాయం కావాలి. హాల్లో మీరు ఐదో వరసలో ఉన్నారు. పక్కన మహిళా విభాగం వాళ్లు పదిమంది. పొద్దున వచ్చి ముగ్గు వేసింది, జ్యోతి ప్రజ్వలనకు నూనె పోసింది, నాయకులకు బొట్టు పెట్టింది వీళ్లే. ఉపన్యాసాలు అయ్యాయి. భోజనాలు అయ్యాయి. ఎండ తగ్గుముఖం పట్టింది. బస్సు దొరకదని దూరం ఊళ్ల ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతున్నారు.

అప్పుడు వేదిక వెనకున్న చిన్న గదిలో లైటు వెలిగింది.

మీరు గుమ్మం దాకా వెళ్లారు. లోపల ఐదారుగురు మగవాళ్లు ప్లాస్టిక్ కుర్చీలు దగ్గరికి లాక్కొని కూర్చున్నారు. టీ గ్లాసులు. ఒకాయన చేతిలో తెల్లకాగితం.

"ఆ మండలం నుంచి ఈయన, ఈ మండలం నుంచి ఆయన. సామాజిక వర్గాలు సరిపోయినయా?"

"సరిపోయినయ్. మహిళ ఒకరు ఉండాలె గదన్నా, పైనుంచి అడుగుతరు."

"ఉండాలె. ఎవర్ని రాద్దాం?"

"ఆమె ఉన్నది గదా, పొద్దున స్వాగతం చెప్పింది."

"రెండు రాత్రులు రైలు. ఆయన పంపుతడా?"

"అడిగి చూద్దాం. లేకపోతే మన చైర్మన్ భార్య పేరు రాయి."

ఆమె హాల్లోనే ఉంది. పది అడుగుల దూరంలో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. ఆమెను పిలిచి నువ్వు వస్తావా అని అడగవచ్చు. ఆయన్ని అడుగుదాం అన్నారు.

ఈ గది ఎంత ముఖ్యమో గుమ్మంలో నిలబడితే గాని తెలియదు. కమ్యూనిస్టు పార్టీల్లో శాఖ నుంచి మండలం, జిల్లా, రాష్ట్రం, అఖిల భారత మహాసభ దాకా ఒక్కో మెట్టులో ప్రతినిధులను ఎన్నుకుంటూ పోతారు. సీపీఎం పొలిట్‌బ్యూరోలోకి తొలిసారి ఒక మహిళ, బృందా కరత్, వచ్చింది 2005లో. కాంగ్రెస్‌లో పీసీసీ ప్రతినిధులు ఉంటారు, వాళ్లలోంచి వాళ్లే ఎనిమిదో వంతు మందిని ఏఐసీసీకి ఎన్నుకోవాలని ఆ పార్టీ నియమావళి. 2022 అక్టోబరు 17న ఖర్గే, థరూర్‌లలో ఒకరిని పార్టీ అధ్యక్షుడిగా ఎన్నుకున్నది దేశమంతటి నుంచి తొమ్మిది వేల మందికి పైగా ఉన్న ఈ ప్రతినిధులే. తెలంగాణ వాళ్లు గాంధీభవన్‌లో ఓటేశారు. 2023 ఫిబ్రవరిలో రాయ్‌పూర్ ప్లీనరీలో వర్కింగ్ కమిటీలో సగం స్థానాలు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనార్టీ, మహిళలు, యువతకు అని సవరణ చేసుకున్నారు. మంచి తీర్మానం. ఆ తీర్మానానికి చెయ్యెత్తే ప్రతినిధి పేరు మాత్రం ఇదిగో, ఇట్లాంటి గదిలో తెల్లకాగితం మీద మొదలవుతుంది.

మహాసభకు పోయి రావడం అంటే కండువా కప్పుకొని ఫొటో దిగడం అనుకుంటారు. అదొక్కటే కాదు. అక్కడ తీర్మానాల ముసాయిదా చేతికిస్తారు. చదవాలి, సవరణ చెప్పాలి, మైకు ముందు నిలబడాలి. పక్క రాష్ట్రం మనిషితో ఒకే గదిలో మూడు రోజులు ఉండాలి. తిరిగొచ్చాక మండలంలో ఆ మనిషిని చూసే చూపు మారుతుంది. ఎమ్మార్వో కుర్చీ చూపిస్తాడు. రేపు ఎంపీటీసీ, జెడ్పీటీసీ టికెట్ల మాట వచ్చినప్పుడు ఆ పేరు దానంతటదే నోట వస్తుంది. వ్యానులో ఓపెన్‌కాస్ట్ గోడల గురించి మాట్లాడిన ఆడమనిషి అక్కడికి పోయి ఉంటే, ఆ మాట తీర్మానంలో ఒక వాక్యమై ఉండేది.

రిజర్వేషన్ ఉన్న చోట ఏం జరుగుతుందో ఈ జిల్లాల్లోనే చూశాం. 2019లో కొత్తగా ఏర్పడ్డ జిల్లా పరిషత్తుల్లో మహబూబాబాద్‌కు ఆంగోతు బిందు, భూపాలపల్లికి జక్కు శ్రీహర్షిణి చైర్‌పర్సన్లయ్యారు. ఊళ్లలో సగం మంది సర్పంచులు ఆడవాళ్లే. మండల పార్టీ కమిటీకి వచ్చేసరికి ఈ వేల మంది ఎక్కడికి పోతున్నారు? సర్పంచ్‌గా పనికొచ్చిన మనిషి మండల అధ్యక్షురాలిగా ఎందుకు పనికిరాదు?

మహిళా రిజర్వేషన్ చట్టం అమల్లోకి వస్తుంది, అప్పుడు చూద్దాం అంటారు. 2023 సెప్టెంబరులో లోక్‌సభ 454 ఓట్లతో, రాజ్యసభ 214 ఓట్లతో మహిళా బిల్లును దాటించాయి. లోక్‌సభలో వ్యతిరేకించింది ఇద్దరే. జనగణన, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు అని ఆ చట్టంలోనే రాశారు. ఆ తర్వాత రెండు నెలలకు తెలంగాణలో అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. ఓటర్ల జాబితాలో మగవాళ్ల కంటే ఆడవాళ్లు కొద్దిగా ఎక్కువే ఉన్నారు. 119 మంది ఎమ్మెల్యేల్లో గెలిచిన ఆడవాళ్లు పది మంది. చట్టానికి చెయ్యెత్తిన పార్టీలన్నీ టికెట్ల దగ్గర చెయ్యి దించేశాయి.

పార్టీ లోపలి జాబితాకు జనగణన అక్కర్లేదు, పునర్విభజన అక్కర్లేదు, రాష్ట్రపతి సంతకం అక్కర్లేదు. రేపు సాయంత్రమే మార్చవచ్చు. ప్రతినిధుల పేర్లు భోజనాలకు ముందే, హాల్లో అందరి ఎదుట చదవాలి. మహాసభకు ఒక్క ఆడమనిషిని పంపితే ఆమె ఒంటరి. ఇద్దరినో ముగ్గురినో కలిపి పంపితే ఇంట్లో ఒప్పిస్తారు, రైల్లో తోడుంటారు, మైకు ముందు ధైర్యం ఉంటుంది. ఇవి పెద్ద సంస్కరణలేమీ కావు. మనసుంటే అయ్యే పనులు.

జనగామలో గాని, మానుకోటలో గాని, భూపాలపల్లిలో గాని ఈ పత్రిక చదువుతున్న పార్టీ మండల అధ్యక్షుడు మీరైతే, మీ నోట్‌బుక్‌లో "తరలించాల్సిన మహిళలు" అన్న పేజీ తెరవండి. మీకు కావలసిన పేర్లు అందులోనే ఉన్నాయి. మహాసభ జాబితాలోకి ఎక్కించండి. మీరు ఆ పేజీలో ఉన్న అక్కలైతే, చెల్లెళ్లైతే, ఈసారి సమావేశంలో భోజనం అయ్యాక బస్సుకు లేవకండి. గదిలో లైటు వెలిగినప్పుడు లోపలికి వెళ్లి కుర్చీ లాక్కొని కూర్చోండి. ఎవరి పేరు రాద్దామని అడిగినప్పుడు మీ పేరు మీరే చెప్పండి.